తూటాల చేతి కూర్పు

తూటాల చేతి కూర్పు అనగా తుపాకి తూటాను కర్మాగారంలో తయారైనదిగా కొనక, దాని విడిభాగాలను తెచ్చుకొని ఒక్కొక్క తూటాను చేతి పరికరాలతో కూర్చుకొనే పద్ధతి. దీనిని హ్యాండ్‌లోడింగ్ అని, ఒకసారి పేల్చిన ఇత్తడి గుల్లను తిరిగి నింపినట్లయితే రీలోడింగ్ అని అంటారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాలలో వేటగాళ్ళు, గురిపోటీలలో పాల్గొనేవారు ఈ పద్ధతిని విస్తారంగా పాటిస్తారు. వారి ప్రధాన లక్ష్యాలు రెండు. మొదటిది అన్ని గుండ్లూ ఒకే చోట తగలడం (గురి నిలకడ). రెండవది గుండు దూరం పోయినా ఎక్కువ కిందికి వాలకుండా సాగడం (చదును పథం). రెండవ లక్ష్యం కోసమే తేలికపాటి గుండ్లను అధిక వేగంతో పేలుస్తారు. అయితే ఈ రెండు లక్ష్యాలూ ఒకటి కావు. తేలిక గుండు వేగాన్ని ఇస్తుంది కాని గురి నిలకడను ఇవ్వదు. గురి నిలకడ కూర్పులోని సమానత్వం వలన వస్తుంది.

భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలను కూర్చడం నేరం. అడవి జంతువుల వేట కూడా నిషిద్ధం. కనుక ఈ విషయం తెలుగు పాఠకులకు ప్రధానంగా భౌతికశాస్త్రానికి, చరిత్రకు సంబంధించినది.

పరిభాష

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటారు. ఈ వ్యాసంలో తూటా అంటే నాలుగు భాగాలు కలిసిన మొత్తం వస్తువు.

* గుల్ల: మిగిలిన భాగాలను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేలినప్పుడు ఇది వ్యాకోచించి తుపాకి గదికి అంటుకొని, వాయువులు వెనుకకు రాకుండా ఆపుతుంది.
* ప్రైమరు: గుల్ల అడుగున ఉండే చిన్న మూకుడు వంటి భాగం. సూది తగలగానే రవ్వ పుట్టి మందును అంటిస్తుంది.
* మందు: మండి వాయువుగా మారే పొడి. నేటి రైఫిళ్ళలో నైట్రోసెల్యులోజు ఆధారమైన పొగలేని మందును వాడతారు.
* గుండు: గొట్టం నుండి వెలువడి లక్ష్యాన్ని తాకే భాగం. సాధారణంగా సీసపు గుజ్జుపై రాగి మిశ్రమపు తొడుగు ఉంటుంది.

గుండు బరువును, మందు బరువును గ్రెయిన్లలో చెప్పడం ఆనవాయితీ. ఒక గ్రెయిను 64.8 మిల్లీగ్రాములకు సమానం. భారతదేశపు తులాన్ని 1833లో 180 గ్రెయిన్లుగా స్థిరపరచారు. కనుక 180 గ్రెయిన్ల గుండు అంటే సరిగ్గా ఒక తులం (11.66 గ్రాములు) బరువు గల గుండు. పెద్ద జంతువుల వేటకు ఇది మధ్యస్థమైన బరువు. చిన్న జంతువుల వేటకు వాడే తేలిక గుండ్లు పావు తులం ప్రాంతంలో ఉంటాయి.

చరిత్ర

మూతి నుండి నింపే తుపాకులు

తొలినాటి తుపాకులన్నింటిలో ప్రతి పేలుడూ చేతి కూర్పే. తుపాకి మూతి నుండి కొలత ప్రకారం నల్లమందు పోసి, గుడ్డ లేక నార అడ్డుపెట్టి, సీసపు గుండును కడ్డీతో లోపలికి దట్టించేవారు. తరువాత మందును, గుండును కాగితంలో చుట్టి ఉంచే పద్ధతి వచ్చింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు ఇటువంటి కాగితపు తూటాలనే వాడేవారు. సిపాయిలు వాటి కొసను పళ్ళతో కొరికి మందును గొట్టంలో పోయవలసి ఉండేది. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుది, పందిది అన్న వార్త 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటి అయినది.

నల్లమందుతో గుండు వేగాన్ని ఒక హద్దును మించి పెంచడం సాధ్యం కాదు. అందువలన శక్తి కావాలంటే బరువును పెంచవలసి వచ్చేది. ఎన్‌ఫీల్డ్ గుండు బరువు దాదాపు 3 తులాలు. అంత బరువైన గుండు నెమ్మదిగా వెళ్ళి, ఎత్తైన విల్లు ఆకారంలో వంగి పడేది. దూరాన్ని అంచనా వేయడంలో కొద్ది పొరపాటు జరిగినా గురి తప్పేది.

పొగలేని మందు, కూచి గుండు

1884లో పాల్ వియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొగలేని మందును కనుగొన్నాడు. దానిని వాడిన లెబెల్ రైఫిలు 1887లో ఫ్రెంచి సైన్యంలో ప్రవేశించింది. గొట్టం వ్యాసం తగ్గి, వేగం పెరిగింది. అయినా తొలి గుండ్లు మొద్దుముక్కుతో బరువుగానే ఉండేవి. ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో జర్మనీ తన 14.7 గ్రాముల మొద్దుముక్కు గుండుకు బదులు సుమారు 10 గ్రాముల కూచి గుండును ప్రవేశపెట్టింది. దానితో వేగం సెకనుకు సుమారు 620 మీటర్ల నుండి 880 మీటర్లకు చేరింది. అమెరికా 1906లో 220 గ్రెయిన్ల గుండును వదలి 150 గ్రెయిన్ల గుండును చేపట్టింది. బ్రిటిషు సైన్యం 1910లో .303 రైఫిలు గుండును 215 గ్రెయిన్ల నుండి 174 గ్రెయిన్లకు తగ్గించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో తేలిక గుండ్ల లోపం బయటపడింది. మరతుపాకులతో చాలా దూరానికి కాల్చినప్పుడు అమెరికా వారి 150 గ్రెయిన్ల గుండు అనుకున్న దూరంలో చాలా ముందే పడిపోయింది. యుద్ధానంతరం ఆ దేశం పడవ తోక ఆకారంలో సన్నబడిన అడుగు గల 170 గ్రెయిన్లకు పైబడిన గుండును తయారు చేసుకొన్నది. జర్మనీ కూడా బరువైన గుండు వైపు మళ్ళినది. దగ్గరి దూరాలలో తేలిక గుండుకు, దూరపు దూరాలలో బరువైన గుండుకు లాభం ఉన్నదని ఈ అనుభవం తెలిపింది.

వేటలో మాత్రం తేలిక గుండ్ల ఆదరణ కొనసాగింది. 1925లో వచ్చిన .270 వించెస్టర్ తూటా 130 గ్రెయిన్ల గుండుతో ప్రసిద్ధి చెందింది. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ తూటాలోని 48 గ్రెయిన్ల గుండు వేగం సెకనుకు 1,250 మీటర్లు. ఇది ధ్వని వేగానికి మూడున్నర రెట్లకు పైన. పొలాలను తవ్వే చిన్న జంతువులను దూరం నుండి కొట్టడానికి ఇటువంటి తూటాలను వాడేవారు. 1955లో వచ్చిన .243 వించెస్టర్ చిన్న జంతువులకు, జింకలకు రెండింటికీ పనికివచ్చేదిగా పేరు పొందింది.

చదును పథం

తుపాకి నుండి వెలువడిన గుండు ఏదైనా వెంటనే కిందికి పడటం ప్రారంభిస్తుంది. చేతి నుండి జారిన రాయి ఎలా పడుతుందో గుండు కూడా అలాగే పడుతుంది. గాలి ప్రభావాన్ని పక్కన పెడితే, ఎంత పడుతుందన్నది గుండు బరువుపై ఆధారపడదు. అది గాలిలో ఉన్న కాలంపైనే ఆధారపడుతుంది. కాలం రెట్టింపు అయితే వాలు నాలుగు రెట్లు అవుతుంది.

ఉదాహరణకు గాలి నిరోధం లేదనుకొంటే, సెకనుకు 600 మీటర్ల వేగం గల గుండు 200 మీటర్ల దూరాన్ని మూడో వంతు సెకనులో దాటి 54 సెంటీమీటర్లు వాలుతుంది. సెకనుకు 900 మీటర్ల వేగం గల గుండు అదే దూరంలో 24 సెంటీమీటర్లు మాత్రమే వాలుతుంది. వేగవంతమైన గుండుకు దూరపు అంచనాలో జరిగే పొరపాటు తక్కువ నష్టం కలిగిస్తుంది. చదును పథం వలన వేటగాడికి కలిగే ప్రయోజనం ఇదే. గుండు ఏ దూరంలోనూ నిటారుగా గీత గీసినట్లు పోదు. వాలు తక్కువగా ఉండటాన్నే చదును అంటారు.

తేలిక గుండు గుణదోషాలు

ఒకే తుపాకిలో, సమానమైన పీడనంతో తేలిక గుండు ఎక్కువ వేగంతో వెలువడుతుంది. భుజంపై తగిలే ఎదురుదెబ్బ కూడా సాధారణంగా తగ్గుతుంది. కాని ఒకే వ్యాసం గల రెండు గుండ్లలో తేలికైనది గాలి నిరోధానికి త్వరగా లొంగుతుంది. గాలిని తట్టుకొనే శక్తిని బాలిస్టిక్ గుణకం అనే సంఖ్యతో సూచిస్తారు. బరువు, వ్యాసం, ఆకారం ఈ గుణకాన్ని నిర్ణయిస్తాయి.

.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాలో ఒకే ఆకారం గల రెండు గుండ్ల లెక్క ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది.

* 150 గ్రెయిన్ల గుండు: మూతి వద్ద వేగం సెకనుకు 885 మీటర్లు, 457 మీటర్ల (500 గజాల) వద్ద 590 మీటర్లు, అంతదూరం పోవడానికి పట్టే కాలం 0.63 సెకను.
* 180 గ్రెయిన్ల గుండు: మూతి వద్ద వేగం సెకనుకు 823 మీటర్లు; 457 మీటర్ల వద్ద 570 మీటర్లు; పట్టే కాలం 0.67 సెకను.

మొదట ఉన్న 62 మీటర్ల తేడా చివరకు 20 మీటర్లకు తగ్గిపోయింది. రెండు తుపాకులనూ 200 గజాలకు సరిచేసి ఉంచితే, 300 గజాల వద్ద రెండు గుండ్ల ఎత్తులలో తేడా 3 లేక 4 సెంటీమీటర్లే. శక్తి విషయంలో బరువైన గుండుదే మొదటి నుండి చివరి వరకు పైచేయి.

పక్కగాలి విషయం మరింత ఆసక్తికరమైనది. పక్కకు జరగడం గుండు గాలిలో ఉన్న మొత్తం కాలంపై ఆధారపడదు. గాలి నిరోధం వలన అదనంగా పట్టిన కాలాన్ని గాలి వేగంతో గుణిస్తే జరుగుడు వస్తుంది. పై రెండు గుండ్లలో బరువైనది ఆలస్యంగా చేరినా, దానికి పట్టే అదనపు కాలం కొద్దిగా తక్కువ. కనుక అది పక్కకు కొద్దిగా తక్కువగానే జరుగుతుంది. వాలును ముందుగా లెక్కకట్టవచ్చు. గాలిని మాత్రం అక్కడికక్కడే అంచనా వేయాలి. అందుచేత దూరపు గురిపోటీలలో పాల్గొనేవారు పొడవైన, బరువైన గుండ్లనే ఎంచుకొంటారు.

వేటలో మరొక ముఖ్యమైన పరిమితి ఉన్నది. పలుచని తొడుగు గల తేలిక గుండు అతివేగంతో తగిలినప్పుడు చర్మం వద్దనే చిట్లిపోయి లోపలి అవయవాలను చేరకపోవచ్చు. జంతువు చావక గాయంతో పారిపోతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. 1911లో బ్రిటిషు విదేశాంగ మంత్రి సర్ ఎడ్వర్డ్ గ్రే సోదరుడు జార్జ్ గ్రే తూర్పు ఆఫ్రికాలో .280 రాస్ రైఫిలుతో సింహాన్ని కాల్చాడు. ఆనాటికి అతివేగవంతమైన తూటాలలో అది ఒకటి. గుండ్లు సింహాన్ని ఆపలేకపోయాయి. సింహం దాడిలో తగిలిన గాయాలతో ఆయన మరణించాడు. చదును పథం కోసం రూపొందిన గుండును అది తట్టుకోలేని పనికి వాడరాదని చెప్పడానికి వేట సాహిత్యంలో ఈ ఘటనను తరచుగా ఉదహరిస్తారు. అనేక పాశ్చాత్య దేశాలలో జింక జాతులకు కనీస వ్యాసాన్ని గాని, కనీస శక్తిని గాని చట్టం నిర్దేశించడానికి కారణం ఇదే.

కూర్పు విధానం

కూర్పులో సాధారణంగా ఈ క్రింది దశలు ఉంటాయి.

# పరిశీలన: పేల్చిన గుల్లలను శుభ్రపరచి పగుళ్ళు, అడుగుభాగంలో సాగిన గుర్తులు ఉన్నవాటిని పారవేస్తారు.
# కొలతకు తేవడం: పేలుడులో ఉబ్బిన గుల్లను ఉక్కు అచ్చులోకి నొక్కి మునుపటి కొలతకు తెస్తారు. పాత ప్రైమరును ఇదే సమయంలో తీసివేస్తారు.
# కత్తిరింపు: పదేపదే వాడిన గుల్ల మెడ సాగుతుంది. నిర్ణీత పొడవుకు మించిన భాగాన్ని కత్తిరిస్తారు.
# కొత్త ప్రైమరును అమర్చడం.
# మందు నింపడం: మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో ఆ గుండుకు, ఆ గుల్లకు సూచించిన పరిమాణాన్ని సున్నితపు త్రాసుపై తూచి పోస్తారు.
# గుండును కూర్చోబెట్టడం: గుల్ల మెడలో గుండును నిర్ణీత లోతుకు నొక్కుతారు.

గురి నిలకడకు ఆధారాలు

ఒకే తుపాకితో వరుసగా కాల్చిన గుండ్ల రంధ్రాలు ఎంత దగ్గరగా పడితే గురి నిలకడ అంత మంచిదని లెక్క. ఇందుకు తూటాలన్నీ ఒకదానినొకటి పోలి ఉండాలి. పైన చెప్పిన 150 గ్రెయిన్ల గుండు వేగంలో ఒక శాతం తేడా వస్తే, 457 మీటర్ల వద్ద ఎత్తులో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. మందు తూకం, గుల్ల లోపలి ఘనపరిమాణం, మెడ బిగువు, గుండు కూర్చొన్న లోతు అన్నీ ఈ వేగాన్ని ప్రభావితం చేస్తాయి. అత్యధిక వేగాన్నిచ్చే కూర్పు అత్యంత నిలకడైన కూర్పు కావాలన్న నియమం లేదు. చాలా తుపాకులలో గరిష్ఠ పరిమితికి కొంత దిగువనే మంచి ఫలితం లభిస్తుంది.

గొట్టం లోపలి మర గాడుల చుట్టు కూడా ముఖ్యం. గాడులు గుండును బొంగరం వలె తిప్పి దాని మొనను ముందుకు నిలుపుతాయి. పొడవైన గుండుకు వేగంగా తిరిగే చుట్టు, పొట్టి తేలిక గుండుకు నెమ్మదైన చుట్టు సరిపోతుంది. అమెరికా సైన్యపు ఎం16 రైఫిలులో 55 గ్రెయిన్ల గుండుకు 12 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. 62 గ్రెయిన్ల పొడవైన గుండు వచ్చినప్పుడు దానిని 7 అంగుళాలకు ఒక చుట్టుగా మార్చారు. పలుచని తొడుగు గల తేలిక గుండును అతివేగపు చుట్టులో పేలిస్తే అది గాలిలోనే చిట్లిపోయే ప్రమాదం ఉన్నది.

ప్రమాదాలు

రైఫిలు గదిలో పీడనం సాధారణ వాతావరణ పీడనానికి మూడు, నాలుగు వేల రెట్లు ఉంటుంది. ఒక మందుకు బదులు మరొకటి పోసినా, ముఖ్యంగా త్వరగా మండే పిస్తోలు మందును రైఫిలు గుల్లలో నింపినా తుపాకి పగిలి కాల్చినవారు గాయపడవచ్చు లేదా మరణించవచ్చు. ఒక తుపాకిలో సురక్షితమైన కూర్పు మరొక తుపాకిలో ప్రమాదకరం కావచ్చు. ప్రైమరులు దెబ్బకు, రాపిడికి పేలుతాయి. సీసపు ధూళి శరీరంలోకి చేరి విషప్రభావం కలిగిస్తుంది.

ఉష్ణోగ్రత మరొక అంశం. మందు వేడెక్కినకొద్దీ పీడనం పెరుగుతుంది. ఈ కారణంగానే బ్రిటిషు తుపాకి కంపెనీలు భారతదేశానికి, ఆఫ్రికాకు పంపే కార్డైట్ తూటాలలో మందును తగ్గించి ఉష్ణమండల కూర్పుగా అమ్మేవి. ఇంగ్లండులో సరిపోయిన తూటా ఆంధ్రదేశపు మే నెల ఎండలో హద్దు మీరేది.

తెలుగు ప్రాంతంలో

విశాఖ మన్యంలో మూతి నుండి నింపే నాటు తుపాకులు వేటకు, పంటల రక్షణకు చాలాకాలం వాడుకలో ఉన్నాయి. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగ సందర్భంగా గిరిజన పురుషులు గుంపులుగా వేటకు వెళ్ళడం ఆచారం. నాటు తుపాకిలో మందు, గుండు విడివిడిగా చేతితో నింపుతారు కనుక అది కర్మాగారపు తూటాపై ఆధారపడదు. అయితే కొలత నిలకడగా ఉండదు, గొట్టంలో గాడులు ఉండవు. కనుక దూరపు గురి సాధ్యం కాదు.

ఈ తేడా 1922–24 నాటి మన్యం తిరుగుబాటులో స్పష్టంగా కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుదారులు 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి మొత్తం 26 తుపాకులను, రెండు వేలకు పైగా తూటాలను చేజిక్కించుకొన్నారు. తుపాకులతో పాటు తూటాలను కూడా తీసుకొనిపోవడం అవసరమైన పని. గుల్ల, ప్రైమరు కలిగిన తూటాను అడవిలో తయారు చేయడం సాధ్యం కాదు. పేల్చిన ప్రతి తూటాతో ఆ తుపాకి ఆయుష్షు తరిగినట్లే. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషనుపై దాడి చేసినప్పుడు వారికి ఆయుధాలు దొరకలేదు. నాడు విశాఖపట్నం జిల్లాలో భాగమైన చింతపల్లి 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

తూటాలు ప్రజల చేతికి చిక్కుతాయన్న భయం అంతకు ముందే బ్రిటిషు ప్రభుత్వానికి ఉండేది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశకంలో భారతదేశంలో .450 వ్యాసం గల వేట రైఫిళ్ళను నిషేధించారు. ఆ గుండ్లను విడదీసి, సైన్యపు పాత మార్టిని-హెన్రీ రైఫిళ్ళ తూటాలలో తిరిగి కూర్చుకొంటారన్నది ఆ నిషేధానికి కారణం. దీని ఫలితంగా తుపాకి కంపెనీలు .465, .470 వంటి కొత్త కొలతలను సృష్టించాయి. చేతి కూర్పు గురించిన అనుమానం వలన ప్రపంచ వేట తూటాల కొలతలే మారిపోవడం విశేషం. సైన్యపు .303 తూటాలు కూడా సామాన్య లైసెన్సుదారులకు నిషిద్ధమైనవి. స్వతంత్ర భారతంలో లైసెన్సుదారులకు ఇషాపూర్ రైఫిలు కర్మాగారపు .315 బోరు రైఫిలు సుపరిచితమైనది. దాని తూటా బరువైన మొద్దుముక్కు గుండు గల పాత తరహాది.

చట్టం

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టపు నిర్వచనంలో మందుగుండు అంటే తూటా మాత్రమే కాదు, దాని విడిభాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా. సెక్షను 5 ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండును తయారు చేయరాదు. 2019 సవరణ తరువాత దీనికి కనీస శిక్ష 7 సంవత్సరాల జైలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. నాటు తుపాకులకు కూడా లైసెన్సు తప్పనిసరి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నియంత్రించింది. మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే వీలుండేది. 1991 సవరణతో అది తొలగిపోయింది. మనుషుల ప్రాణాలకు, పంటలకు ముప్పు కలిగించే జంతువుల విషయంలో అధికారుల అనుమతితో మినహాయింపు ఉన్నది. సంప్రదాయ పండుగ వేటలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. విశాఖపట్నం నగరాన్ని ఆనుకొని ఉన్న కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు.

క్రీడలో

నేడు తెలుగు ప్రాంతంలో గురి నిలకడకు చట్టబద్ధమైన వేదిక షూటింగ్ క్రీడ. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం సాధించాడు. ఒలింపిక్ రైఫిలు పోటీలలో వాడే 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకి గుళ్ళలో మందే ఉండదు. 50 మీటర్ల పోటీలోని .22 తూటాలో ప్రేరకం గుల్ల అంచులోనే ఉంటుంది కనుక దానిని తిరిగి నింపడం ఆచరణలో సాధ్యం కాదు. అందువలన క్రీడాకారులు కర్మాగారం నుండి వచ్చిన వేర్వేరు విడతల తూటాలను తమ తుపాకిలో పరీక్షించి, రంధ్రాలు దగ్గరగా పడిన విడతనే పోటీకి ఎంచుకొంటారు. చేతి కూర్పు చేసేవారు పనితో సాధించే సమానత్వాన్ని వీరు ఎంపికతో సాధిస్తారు.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* అల్లూరి సీతారామరాజు
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
* కంబాలకొండ అభయారణ్యం
* గగన్ నారంగ్